చీలికాకు బర్చ్

మార్చి 2, ఆదివారం

వంటింటి కిటికీలోంచి చూస్తే ఇప్పుడు పక్కింటి ఆల్పో ఎర్ర కొట్టం కనిపిస్తోంది. నలభై ఆరేళ్లుగా ఆ కొట్టానికీ నాకూ మధ్య మా బర్చ్ చెట్టు అడ్డంగా నిలబడింది కాబట్టి అది ఇంత వికారంగా ఉంటుందని తెలియలేదు. గిన్నెలు కడిగినప్పుడల్లా దాని మొహమే చూడాలి. రోజుకు నాలుగుసార్లు కడుగుతాను.

చెట్టు పోయి నాలుగు నెలలైంది. లోపలంతా డొల్ల. ఇంకో గాలివాన వస్తే ఇంటికప్పు మీద పడేదే. నవంబరులో ఆల్పో వచ్చి కొట్టేశాడు. నలభై ఏళ్లు అడవిలో చెట్లు కొట్టి జీతం తెచ్చిన మా ఆయన ఓయివా మెట్ల మీద కూర్చుని చూశాడు. మణికట్టు నొప్పి మరి.

మధ్యాహ్నం కువోపియో పట్నం నుంచి మా అమ్మాయి మేర్యా ఫోన్ చేసింది. వాళ్ల వీధిలో రెండు గదుల ఫ్లాట్ ఖాళీ అయిందట. లిఫ్టు ఉందట. కిందనే మందుల షాపట.

"నాన్న గురించి ఆలోచించమ్మా" అంది.

"నాన్నకేం? నీకంటే గట్టిగా ఉన్నాడు."

"పోయిన గురువారం నాకు మూడుసార్లు ఫోన్ చేశాడమ్మా. మూడుసార్లూ అదే మాట."

"కూతురి గొంతు వినాలనిపించింది కాబోలు. అదీ తప్పేనా?"

నా కూతురు నర్సుగా ఉండి ఉండి, ఎవర్ని చూసినా రోగం వెతుకుతుంది.

ఫోన్ పెట్టేశాక ఒక నిర్ణయానికి వచ్చాను. కిటికీ ఎదురుగా కొత్త చెట్టు నాటుతాను. ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్లు ఎవరూ చెట్టు నాటరు. మేర్యాకి నోటితో చెబితే ఎక్కదు. వచ్చినప్పుడు కళ్లతో చూసుకుంటుంది.

మార్చి 5, బుధవారం

పొద్దున ఓయివా కిటికీ దగ్గర నిలబడి, "మన బర్చ్ ఏమైంది?" అన్నాడు. ఆట పట్టిస్తున్నాడు. పెళ్లినాటి నుంచీ అంతే, మొహంలో కండరం కదలకుండా జోకులేస్తాడు.

మార్చి 12, బుధవారం

కైసు నర్సరీ నుంచి చెట్ల పుస్తకం పోస్టులో వచ్చింది. బర్చ్‌లకే మూడు పేజీలు. నేను ఒక్కో బొమ్మ చూపిస్తుంటే ఓయివా కాఫీలో బన్ను ముంచుకు తింటూ విన్నాడు.

"కొంటావా? బర్చ్‌ని? డబ్బు పెట్టి?" అన్నాడు.

"అవును."

"సైమీ, సౌనా స్నానాలగది వెనక్కి వెళ్లి నిలబడు. కళ్లు మూసుకుని చెయ్యి చాపు. ఏది తగిలితే అది బర్చ్."

"అవి అడవి చెట్లు."

"మరి ఇవెక్కడ పుట్టాయి, మఠంలోనా?"

నవ్వి నవ్వి కాఫీ పొలమారింది. ఇలాంటి మనిషికి మతిమరుపని ఎవరైనా అంటే వాళ్లకే వైద్యం చేయించాలి.

ఎర్రాకు బర్చ్ బొమ్మ చూసి, "దీనికి ఏదో సిగ్గేసినట్టుంది" అన్నాడు. కొమ్మలు నేల దాకా వాలే పొట్టి రకం చూసి, తలంటు పోసుకుని జుట్టు ఆరబెట్టుకునే ఆడమనిషి అన్నాడు. హిమాలయాల నుంచి వచ్చిందట ఒకటి, పాల తెలుపు బెరడు. నాకు అది బాగా నచ్చింది. నర్సరీ నడిపే కైసుకి ఫోన్ చేసి అడిగాను.

"మన నుర్మెస్‌లో బతకదు సైమి గారూ" అంది.

"హిమాలయాల చెట్టుకు చలేంటి?"

"చలి కాదండీ. మేలో రెండు రోజులు ఎండ కాస్తే నమ్మేసి చిగురేస్తుంది. మూడో రోజు మంచు పడుతుంది. మన చెట్లకైతే మే నెలని నమ్మకూడదని తెలుసు."

మార్చి 23, ఈస్టర్ ఆదివారం

మేర్యా శుక్రవారం వచ్చింది. రై ధాన్యపు పిండితో తీపి అంబలి చేశాను, మీగడ పోసుకుని ముగ్గురం తిన్నాం. ఓయివాకి నిద్ర చాలలేదు, అందుకని "ఎప్పుడొచ్చావు తల్లీ?" అని రెండు మూడుసార్లు అడిగాడు. మేర్యా ప్రతిసారీ "శుక్రవారం నాన్నా" అని ఓపిగ్గా చెప్పి, నా వైపు చూసింది. నేను ప్లేట్లు తీశాను.

గిన్నెల దగ్గర నిలదీసింది. ఆరోగ్య కేంద్రంలో జ్ఞాపకశక్తి పరీక్ష చేసే నర్సు ఉందట. నన్ను అడక్కుండానే తేదీ తీసుకుంది. జూన్ 24, మంగళవారం, పొద్దున తొమ్మిదింబావుకు. అంతకుముందు ఖాళీ లేదట.

"నాన్నకి చెప్పావా?"

"చెప్పాను. నాకేం రోగం అని కేకలేశాడు. నువ్వు తీసుకెళ్లమ్మా. నువ్వు చెబితే వింటాడు."

మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఆ మనిషి నా మాట ఎప్పుడు విన్నాడు? పైగా వెళ్లాల్సినంత రోగమేమీ లేదు కూడా. రేపే ఫోన్ చేసి ఆ తేదీ రద్దు చేయించేస్తాను.

మార్చి 25, మంగళవారం

ఫోన్ కుదరలేదు. నిన్న సెలవు. ఈరోజు లైన్ బిజీ.

ఏప్రిల్ 13, ఆదివారం

ఓయివా ఈస్టు తెస్తానని కారులో వెళ్లి మూడున్నర గంటల తర్వాత వచ్చాడు. రోడ్డు జారుగా ఉంది.

ఏప్రిల్ 20, ఆదివారం

మంచు కరిగి పెరట్లో పాత మొద్దు బయటపడింది. ఆల్పో వచ్చాడు. ఓయివా వెనకగదిలో కునుకు తీస్తున్నాడు. నేను చెట్ల పుస్తకం ఆల్పో ముందు పెట్టాను.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నీకు అడవి చెట్టు పెరటికి పనికిరాకుండా పోయిందేంటి సైమీ?" అన్నాడు.

"నీ కొట్టం కనపడకుండా ఉండాలి, అది చాలు."

"నా కొట్టానికి రంగు వేయించింది నువ్వేగా, ముప్ఫై ఏళ్ల కిందట?"

"అప్పుడు చెట్టుండేది."

నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆవేళ కారు సంగతి మేర్యాకి చెప్పావా?" అన్నాడు. ఇంకొంచెం కాఫీ పోస్తానన్నాను. వద్దన్నాడు, పోశాను.

వంకీల బర్చ్ కూడా చూశాం. లోపలి చెక్క అంతా చారలు తిరిగి ఉంటుంది, కత్తిపిడులకి బంగారం. కానీ మొక్కగా ఉన్నప్పుడు మామూలు బర్చ్‌లాగే ఉంటుంది. చారలు పడ్డాయా లేదా అన్నది పదేళ్లకి గాని తెలియదట. నాకు డెబ్బై. ఓయివాకి డెబ్బై మూడు. అది వద్దు.

మే 5, సోమవారం

ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేయలేదు. నర్సరీ పనుల్లో పడి.

మే 10, శనివారం

ఈ రోజు సంగతి వివరంగా రాసుకోవాలి. మేర్యా చూడాల్సింది. కెమెరా తీసుకెళ్లి ఉంటే బాగుండేది.

కైసు నర్సరీకి వెళ్లాం. పదకొండు కిలోమీటర్లు. దారిలో నేను "ఎడమకి", "తిన్నగా" అని మామూలుగా కబుర్లాడుతూ వెళ్లాను. గేటు దాటి చెట్ల వరసల్లోకి అడుగుపెట్టాడో లేదో, ఓయివా నడక మారిపోయింది. వీపు నిటారైంది. చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి.

కైసు మొదట ఎర్రాకు చెట్టు చూపించింది. మొగ్గలు ఇంకా విప్పుకోలేదు. ఓయివా బొటనవేలితో మొగ్గ నొక్కి, "ఇది దక్షిణాన పెరిగింది. ఇక్కడికి తెచ్చి ఎన్నాళ్లైంది?" అన్నాడు.

"పోయిన శరదృతువులో" అంది కైసు.

"దీనికింకా తెలీదు, పాపం" అని దాటి వెళ్లిపోయాడు.

తర్వాతిది చూపిస్తే కాండాన్ని మొదట్లో పట్టుకుని కొంచెం ఊపాడు. కుండీలో మట్టి కదిలింది గాని వేరు కదల్లేదు. "వేళ్లు కుండీలో గుండ్రంగా చుట్టుకున్నాయి. దీన్ని నాటితే పదేళ్లకి దాని మెడ అదే పిసుక్కుంటుంది." కైసు ఎర్రబడింది. కుండీలోంచి లాగి చూస్తే నిజమే, వేళ్లు తాడు చుట్టలా ఉన్నాయి. మూడోదానికి నడి కొమ్మ చివర విరిగి రెండుగా చీలింది. మంచు బరువుకి అక్కడే చీలిపోతుందన్నాడు. నాలుగోదాని బెరడు మీద కుందేలు పళ్ల గీత ఒకటుంది, నాకైతే కళ్లద్దాలతో కూడా కనపడలేదు.

"మీరు ఇక్కడ పనికి రాకూడదూ?" అంది కైసు.

"జీతం ఎంతిస్తావు?"

"కాఫీ."

"మా ఇంట్లో బన్ను కూడా ఇస్తారు" అన్నాడు.

ఆఖరి వరసలో ఒకటి ఉంది. తలుపంత ఎత్తు, సన్నగా, తిన్నగా. దాని పక్కన రేకు మీద బొమ్మ: ఆకులు కత్తెరతో చీల్చినట్టు సన్నని చీలికలు. చీలికాకు బర్చ్ అంటారు. ఇది మన మంచు ఎరిగినదేనంది కైసు. ఓయివా దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బెరడు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"ఇది" అన్నాడు.

"ఎందుకని?"

"ఆకు దట్టంగా ఉంటే కిటికీ చీకటవుతుంది. దీని ఆకు సన్నం. ఆల్పో కొట్టం కనపడదు, ఆకాశం కనపడుతుంది."

ఏ కిటికీకి, ఏ కొట్టం అడ్డమో నేను గుర్తుచేయలేదు. తనే అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, చలిగాలికి అని కైసుతో చెప్పాను. ఈ మనిషిని తీసుకెళ్లి, ఈరోజు ఏ వారం, ఇప్పుడు ఏ నెల అని అడుగుతారట. చెట్ల మధ్య నిలబెట్టి అడగమనండి చూద్దాం.

సోమవారం తప్పకుండా ఫోన్ చేసి ఆ తేదీ తీసేయిస్తాను.

మే 17, శనివారం

నాటాం. పాత మొద్దుకి ఆరడుగులు పక్కన, దాని బూజు దీనికి అంటకుండా. గొయ్యి ఆల్పో తవ్వాడు. చెట్టుని దించి మట్టి తొక్కింది ఓయివా. ఒక గుంజ పాతి మెత్తటి తాడుతో కట్టాడు, ఎలుకలు కొరక్కుండా మొదట్లో వలజాలీ చుట్టాడు. ఈ వేసవంతా నీళ్లు బాగా పోయాలని, అంటుకట్టిన చెట్టు కాబట్టి అంటు కింద నుంచి మొలిచే రెమ్మలు తీసేయాలని కైసు కాగితం మీద రాసిచ్చింది. అవి మామూలు అడవి బర్చ్‌గా వస్తాయట.

సాయంత్రం గిన్నెలు కడుగుతూ చూశాను. మొన్నటిదాకా కొట్టం నిండుగా కనిపించేది. ఇప్పుడు దాని మీద ఒక తెల్లగీత ఉంది.

మే 18, ఆదివారం

"ఈ చెట్టు ఎవరు నాటారు?" అన్నాడు ఓయివా.

ఆట పట్టిస్తున్నాడు.

మే 27, మంగళవారం

ఆకులు విప్పుకున్నాయి. మేర్యాకి ఫోన్ చేసి చెట్టు గురించే పావుగంట చెప్పాను.

"బాగుందమ్మా" అంది. "24వ తారీకు గుర్తుందా?"

గుర్తుందన్నాను. అబద్ధమేమీ కాదు కదా, గుర్తుంది.

జూన్ 9, సోమవారం

ఓయివా నా మీద కేకలేశాడు. తన పర్సు నేను దాచానట. పర్సు రొట్టెల డబ్బాలో దొరికింది. నేను ఊరుకున్నాను. ఊరుకుంటే తొందరగా చల్లారుతుంది.

జూన్ 15, ఆదివారం

శుక్రవారం నడివేసవి పండుగ. మేర్యా గురువారం వస్తానంది.

ఆల్పో కంచె దగ్గర ఆగి, "గుమ్మానికి బర్చ్‌లు ఈసారి నేను తెచ్చి నిలబెడతాలే. మా కాలవ గట్టున బోలెడున్నాయి" అన్నాడు.

"ఎందుకు? ఓయివా తెస్తాడు."

"కాదులే సైమీ, రంపం అదీ..."

"నలభై ఆరు పండుగలకి మా గుమ్మానికి చెరోపక్కా నిలబెట్టిన రెండు చెట్లూ ఓయివా కొట్టినవే. ఇది నలభై ఏడోది."

ఆల్పో టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఇంతకంటే చిన్న పని ఏముంది? కాలవ గట్టుకి రెండు వందల అడుగులు. తలుపంత ఎత్తువి రెండు, నరికి తేవడం. మేర్యా వచ్చేసరికి గుమ్మం ముందు పచ్చగా ఉండాలి. వాళ్ల నాన్న చేత్తో కొట్టినవి ఉండాలి. అది చూశాక ఇక పరీక్ష మాట ఎత్తదు.

జూన్ 19, గురువారం

మేర్యా కారు పాడైందట, రేపు మధ్యాహ్నానికి వస్తుంది. ఓయివాకి రేపటి పని మూడుసార్లు చెప్పాను. "చెట్లు కొట్టడం నాకు నేర్పుతావా?" అని కసిరాడు. మంచిదే, రోషం ఉంది.

జూన్ 20, శుక్రవారం

పొద్దున్నే సౌనా కడగడానికి వెళ్లాను. బల్లలు తోమి, నీళ్లు తోడి, సాయంత్రానికి కట్టెలు పేర్చేసరికి గంటన్నర పట్టింది. చేతిరంపం చప్పుడు వినిపించింది. నాకు ఎంత సంతోషమైందంటే, బల్లలు తోముతూ పాట పాడాను. ఇది రాయకపోతే నాకు నేను అబద్ధం చెప్పుకున్నట్టే. పాడాను.

బకెట్ పట్టుకుని ఇంటిముందుకి వచ్చాను. గుమ్మానికి అటొకటి, ఇటొకటి. రెండూ ఒకే ఎత్తు. ఓయివా మధ్యలో నిలబడి ఉన్నాడు, పండుగ చొక్కాలో.

"చూడు, ఒకే ఎత్తు! గీత గీసినట్టు!" అన్నాడు.

ఎంత బాగున్నాయో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తర్వాత ఎడమవైపు చెట్టు ఆకులు గాలికి కదిలాయి. అవి సన్నగా, చీలికలుగా ఉన్నాయి.

ఇంటి పక్కకి తిరిగి వెళ్లి చూశాను. నేలకి జానెడు ఎత్తున కోశాడు, ఎంత శుభ్రంగా కోశాడంటే మీద అరచెయ్యి పెడితే నున్నగా తగిలింది. తాడు ముడి విప్పి, చుట్టచుట్టి గుంజకి తగిలించాడు. జాలీ మడతపెట్టి గోడ మేకుకి వేలాడదీశాడు. ఏదీ తెంపలేదు.

"ఒకటి కాలవ గట్టున దొరికింది. దానికి జోడీ దొరక్క చచ్చాను. చూస్తే ఇది మన ఇంటి పక్కనే ఉంది, సరిగ్గా కావలసిన ఎత్తు. ఎవరో దీనికోసమే పెంచినట్టుంది" అన్నాడు వెనకాలే వచ్చి.

"బాగున్నాయి" అన్నాను.

మధ్యాహ్నం మేర్యా కారు దిగింది. గుమ్మం చూసింది. ఎడమవైపు చెట్టు దగ్గర ఆగిపోయింది. నేను ఫోన్లో పావుగంట వర్ణించిన ఆకులు కదా, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నేనే కొట్టమన్నాను" అన్నాను. "వేరు పట్టలేదు. ఎండిపోతుందని."

"ఎండిన చెట్టుకి ఇంత ఆకా అమ్మా?"

"నువ్వు నర్సువి. చెట్ల సంగతి నీకేం తెలుసు?"

నన్ను వాటేసుకుంది. నేను విడిపించుకుని బంగాళాదుంపలు చూడ్డానికి వెళ్లాను.

భోజనాలయ్యాక మేర్యా సరస్సు వైపు నడిచి వెళ్లింది. ఓయివా మెట్ల మీద కూర్చున్నాడు. నేను కాఫీ తీసుకెళ్లాను. ఎడమవైపు చెట్టు ఆకొకటి తెంపి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. చాలాసేపటి నుంచి చూస్తున్నట్టున్నాడు.

"ఇది అడవిలో పుట్టింది కాదు" అన్నాడు.

నేను కప్పు అందించాను. అందుకోలేదు.

"సైమీ. దీన్ని మనం కొన్నామా?"

"కొన్నాం."

"నన్ను కొట్టమన్నావా?"

"అన్నాను."

"అనలేదు. నువ్వు చెట్టు కొననైనా కొంటావు గాని, కొన్నది కొట్టమనవు. నలభై ఏడేళ్లు కాపురం చేశాను నీతో." ఆకుని మోకాలి మీద పెట్టి చదును చేశాడు. "నేను నాలుగు రకాల రంపాలతో ఎన్ని వేల చెట్లు కొట్టానో. ఒక్కటి కూడా కొట్టకూడనిది కొట్టలేదు."

కాఫీ కప్పు మెట్టు మీద పెట్టాను.

"ఆ నర్సు దగ్గరికి ఎప్పుడు?"

"అక్కర్లేదు ఓయివా. ఒక్క చెట్టు. మళ్లీ కొందాం."

"ఎప్పుడు?"

"మంగళవారం."

"వస్తాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. రేపటికి ఈ ఒప్పుకున్నది నా దగ్గర ఉండదు. అప్పుడు నీ మీద కేకలేస్తాను. నువ్వు ఊరుకుంటావు. నువ్వు ఊరుకుంటావే, అదే నాకు భయం." నా చెయ్యి పట్టుకున్నాడు, గట్టిగా, చెట్టు ఎక్కేవాడు కొమ్మని పట్టుకున్నట్టు. "నువ్వు రాసుకునే పుస్తకం ఉంది కదా. తీసుకురా. రాసిస్తాను."

ఈ పుస్తకం సంగతి తనకి తెలుసని నాకు తెలియదు. తెచ్చాను. పాత పేజీలు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి, ఖాళీ పేజీ తీసి ఇచ్చాను. కింద ఉన్నది తన రాత.

శుక్రవారం. నడివేసవి పండుగ.
నేను ఓయివా తుర్పెయినెన్. కిటికీ ఎదుటి బర్చ్‌ని ఈ రోజు నేను కొట్టాను. అడవి చెట్టు అనుకున్నాను. సైమి కొట్టమని చెప్పలేదు. మంగళవారం నర్సు దగ్గరికి వెళ్తాను. నేను వెళ్లను అంటే ఈ కాగితం నాకు చూపించాలి. కేకలు వేసినా చూపించాలి. సైమి జాలి పడకూడదు.
ఓ. తుర్పెయినెన్

జూన్ 22, ఆదివారం

మేర్యా వెళ్లింది. కైసుకి ఫోన్ చేశాను. మొద్దు నుంచి మళ్లీ చిగురు వస్తుందా అని అడిగాను. వస్తుందండీ, కానీ అంటు పైన కోసేసి ఉంటేనే మీ చెట్టు వస్తుంది, కింద కోస్తే వచ్చేది వేరే చెట్టు అంది. చూసొచ్చాను. కింద కోశాడు.

ఇంతవరకూ రాయనివి ఇప్పుడు రాస్తాను.

మణికట్టు నొప్పి లేదు. నవంబరులో మోటారు రంపం చేతికిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీన్నెలా మొదలుపెడతారు అని ఆల్పోని అడిగాడు. ఆల్పో జోకనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. మణికట్టు నొప్పని నేనే చెప్పాను.

ఏప్రిల్‌లో రోడ్డు జారుగా లేదు. పాత కలప దారి మలుపులో కారు ఆపుకుని, ఇంజను ఆపకుండా కూర్చుంటే ఆల్పో చూసి వెనక కారులో ఇంటిదాకా తోడొచ్చాడు. ఎక్కడికి వెళ్లాలో తెలియక కూర్చున్నాడు. ఏడ్చినట్టున్నాడని ఆల్పో అన్నాడు.

ఎప్పుడూ ఆట పట్టించలేదు. ఒక్కసారి కూడా.

ఆరోగ్య కేంద్రం లైను బిజీ లేదు. నంబరు ఎన్నోసార్లు నొక్కాను. అటు ఎవరో "చెప్పండి" అనగానే పెట్టేసేదాన్ని. రద్దు చేస్తే తనకి ఏమీ లేదని తేలదు, చేయకపోతే ఉందని తేలుతుంది. అందుకని ఏదీ చేయలేదు.

కాలవ గట్టుకి నేను తోడు వెళ్లి ఉంటే చెట్టు ఉండేది. ఆల్పోని తెమ్మని ఉంటే ఉండేది. నా మొండితనానికి తన చేతులు పెట్టాను. ఇది ఎవరితోనూ అనను.

జూన్ 23, సోమవారం

రోజంతా మామూలుగా ఉన్నాడు. గుమ్మం చెట్లు ఎవరు తెచ్చారని అడిగాడు. నువ్వే అన్నాను. "ఒకే ఎత్తు" అని మురిసిపోయాడు.

జూన్ 24, మంగళవారం

ఏడింటికి లేచి కాఫీ తాగాడు. తొమ్మిదింబావుకు వెళ్లాలన్నాను. ఎక్కడికి అన్నాడు. చెప్పాను.

"నాకేం రోగం? ఎవడు చెప్పాడు? నువ్వూ నీ కూతురూ కలిసి నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నారా?" కప్పు బల్ల మీద కొడితే కాఫీ చిందింది. "ఫ్లాట్ కోసమా ఈ నాటకం? అమ్ముకోండి ఇల్లు! నన్ను కూడా కలిపి అమ్ముకోండి!"

సరేలే, వద్దులే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఒక్కటి అంటే చాలు, పది నిమిషాల్లో చల్లారి పేపరు చదువుకుంటాడు, వేసవి ఇలాగే గడిచిపోతుంది. నాకు అదే కావాలి. దేవుడికి తెలుసు, నాకు ఈ పొద్దున అంతకంటే ఏమీ అక్కర్లేదు.

పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి ముందు పెట్టాను. కళ్లద్దాలు అందించాను.

ఒక్కో పదం కింద వేలు పెట్టుకుని చదివాడు. చివరికి వచ్చి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఎక్కువసేపు పట్టింది. నేను చిందిన కాఫీ తుడుస్తూ ఉన్నాను, తుడిచిందే తుడుస్తూ.

"రాత నాదే" అన్నాడు.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అక్కడ గుంజ, గుంజకి తాడు చుట్ట, వెనక ఆల్పో కొట్టం.

"ఎలాంటి చెట్టు? మంచిదేనా?" అని అడిగాడు నా వైపు తిరక్కుండా.

"మంచిదే. అక్కడున్న వాటన్నిటిలో మంచిది. నువ్వే ఎంచావు."

తల ఊపాడు. గదిలోకి వెళ్లి తెల్లచొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు. బొత్తాలు ఒక కాజా అటూ ఇటూ అయ్యాయి. విప్పి మళ్లీ పెట్టాను. పెడుతున్నంతసేపూ గడ్డం పైకెత్తి కదలకుండా నిలబడ్డాడు.

కారు నేను నడిపాను.